‘నాటుకోళ్లతో సహా ఎకో ఫ్రెండ్లీ పెరడు’ ప్యాకేజీకి అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి

విజయనగరం, నెల్లిమర్ల, చీపురుపల్లి వైపు పెద్ద పెరడున్నవాళ్ల కోసం రాస్తున్నాను. “మొక్కలు, బాటలు, ఇంకుడుగుంత, కోళ్లగూడు, 30 నాటుకోడి పిల్లలు, అన్నీ మేమే చూసుకుంటాం” అని ఎవరైనా వస్తే కాస్త ఆగండి. మేం ఆగలేదు. 1,80,000కి మాట్లాడుకుని 1,20,000 ఫోన్‌పేలో కొట్టేశాం. బిల్లు లేదు, కాగితం లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఆ కాంట్రాక్టరు ఎవరన్నది ఇక్కడ రాయడం లేదు.

మా అత్తగారింటి వెనక 12 సెంట్ల ఖాళీ స్థలం ఉంది. ఎర్రనేల, నిండా తుప్పలు. సిరిమాను పండక్కి చుట్టాలొచ్చేసరికి చూడముచ్చటగా చేసిస్తానన్నాడు.

ముందు కోళ్ల సంగతి. ఎక్కువ ఏడుపు అక్కడే.

పిల్ల ఒక్కింటికి 120 రూపాయలు. అట్టపెట్టె తెరిస్తే 30కి 30 ఒకే గోధుమరంగు, అచ్చు గుద్దినట్టు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నాటుపెట్ట పొదిగితే ఒక పిల్ల నల్లగా, ఒకటి చారలతో, ఒకటి పసుపుగా దిగుతుంది. “అన్నీ పెట్టలే మేడమ్, టీకాలు కూడా అయిపోయాయి” అన్నాడు. రోజు వయసు నాటుపిల్లల్లో ఏది పెట్టో ఏది పుంజో చూసి చెప్పడం మామూలు మనిషి వల్ల కాదని తర్వాత తెలిసింది.

పది రోజులకి మా అత్తగారు ఒకదాన్ని పట్టుకుని రెక్క విప్పి చూపించారు. పైన గోధుమరంగు నూగు, దాని కిందనుంచి మల్లెపువ్వులా తెల్లటి ఈకలు. “ఓలమ్మా, ఇవి నాటువేటే? తీర్థంలో రంగేసి అమ్ముతారు కాదా, ఆ పిల్లలే ఇవి” అన్నారు. ఫోన్ చేస్తే, ఎండకి రంగు మారుతుందండీ అన్నాడు!

అవి గుడ్లఫారం తెల్లజాతి మగపిల్లలు. గుడ్డు పెట్టవు, కండ పట్టవు, హేచరీలకి అక్కర్లేదు. అందుకే కారుచౌకగా దొరుకుతాయి.

టీకాల మాటా అబద్ధమే. ఏడోవారంలో ఆకుపచ్చగా పారడం మొదలైంది, రెండింటికి మెడ మెలితిరిగిపోయింది. 4 రోజుల్లో 11 పోయాయి. పశువుల డాక్టరు చూసి కొక్కెర తెగులన్నారు, రాణీఖేత్ అనేది అదే. ఇది రాకుండా మొదటివారంలో లసోటా అనే టీకా చుక్కలు, ఎనిమిదో వారం ప్రాంతంలో ఆర్‌టూబీ అనే టీకా ఇంజక్షన్ వేయించాలట. టీకా వేశామని ఎవరన్నా అంటే ఏ టీకా, ఏ తేదీన వేశారో కాగితం మీద రాసిమ్మని అడగండి.

అసలు మొదటిరోజే ఆ కాంట్రాక్టరు “కడక్‌నాథ్ తీసుకోండి, నల్లగుడ్లు పెడుతుంది” అన్నాడు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. మధ్యప్రదేశ్ ఝాబువా వైపు కోడి అది, మాంసం నలుపే, గుడ్డు మాత్రం లేత గోధుమరంగే.

గూడుకి 2 అంగుళాల కన్నాలున్న పల్చటి జాలి కొట్టాడు. కింద నేల వట్టిదే. ముంగిస మట్టి గీరుకుని దూరి ఒక్క రాత్రిలో రెండింటిని పట్టుకుపోయింది. అర అంగుళం కన్నాల గట్టి ఇనపజాలీ (వెల్డ్‌మెష్) వేసి, అంచు అడుగు లోతు పాతించుకోండి.

తోట సంగతీ అంతే. ‘నీళ్లు ఇంకే బాట’ అన్నాడు. పలక లేపి చూస్తే కింద గట్టి కాంక్రీటు. కంకర పరిచినచోట అడుగున నల్ల పాలిథీన్ పట్టా. అక్టోబరు వానకి పెరడంతా చెరువైంది. ఇంకుడుగుంతలో సిమెంటు పెళ్లలు, మధ్యలో థర్మాకోల్ ముక్కలు దొరికాయి. కోళ్లు తిరిగేచోట లాన్ వేయించాడు మహానుభావుడు. అవి దాన్ని పదిరోజుల్లో గీరి పారేశాయి. కంచె పొడుగునా ‘ఆక్సిజన్ మొక్క’ అంటూ నాటింది కోనోకార్పస్. గుజరాత్‌లో 2023లోనే దాన్ని నిషేధించారు.

వర్మీకంపోస్టు బస్తాలో చెయ్యి పెడితే వేడి, పచ్చిపేడ వాసన. బాగా మాగినదైతే చల్లగా ఉంటుంది, వానపడ్డ మట్టి వాసనొస్తుంది. తెలియక వేసేశాం, వంగనారు మొత్తం మాడిపోయింది.

పెరటి కోళ్లే కావాలంటే వనరాజా, గ్రామప్రియ లాంటివి ఆ పేరుతోనే అడిగి కొనుక్కోండి. రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ వృద్ధి చేసిన రకాలవి. సందేహముంటే మనకి గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, శ్రీకాకుళం వాళ్లకి ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. తోటపని ఒకరికి, కోళ్లు ఇంకొకరి దగ్గర. గుంత తవ్వాక, నింపకముందు చూసి, ఆ పనికే డబ్బివ్వండి.

ఇప్పటికే మోసపోయుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఇచ్చిన మొత్తం 5 లక్షల్లోపైతే ఫీజు లేదు, అయితే ఫిర్యాదు రెండేళ్లలోపే వేయాలి. నా దగ్గరున్నవి ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, “అన్నీ పెట్టలే మేడమ్” అన్న వాయిస్ మెసేజ్. ఆ మెసేజ్ దాచుకోవడం ఒక్కటే నేను తెలివిగా చేసిన పని. ఆయన ఫోన్ నెలరోజులుగా స్విచాఫ్.

ఇంకా 17 మిగిలాయి, అన్నీ పుంజులే. తెల్లారగట్ల మూడింటికే అందుకుంటున్నాయి, వీధిలో మాకు మొహం చెల్లడం లేదు. ఎవరికైనా కావాలంటే ఊరికే పట్టుకెళ్లండి. నాటు పెట్టలని మాత్రం చెప్పను.