‘ఎండకు వెలిసిపోవు, వానకు చెరిగిపోవు’ అంటూ అమ్ముతున్న మొక్కల పేరు పలకల విషయంలో జాగ్రత్త

ఇంటి పూలతోటకు పేరు పలకలు ఆన్‌లైన్‌లో కొనాలని చూస్తున్న తోటి కొనుగోలుదారులను హెచ్చరించడానికి ఇది రాస్తున్నాను. వంద తెల్ల ప్లాస్టిక్ పలకలు, రెండు నల్ల మార్కర్ కలాలు, యాభై ‘అల్యూమినియం’ ట్యాగులు, వాటిని కొమ్మలకు కట్టేందుకు బంగారు రంగులో మెరిసే తీగలు కలిపి ఒకే పెట్టెగా అమ్ముతున్నారు. ఎండకు వెలిసిపోవని, వానకు చెరిగిపోవని, ఏళ్ల తరబడి నిలుస్తాయని ఆ అమ్మకపు పేజీలో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. చామంతుల పిలకలు వేరుచేసి కుండీల్లో నాటిన రోజుల్లో వాటిని మిద్దె మీద వాడడం మొదలుపెట్టాను. రోహిణి కార్తె గడిచేసరికి పలకల మీది రాత లేత ఊదా మరకగా మారింది, పలకలు పట్టుకుంటే విరిగిపోయాయి, తొలకరి పడ్డాక లోహపు ట్యాగులు అంచుల దగ్గర ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయాయి. ఆ పెట్టెలో ఉన్న నాలుగు వస్తువులలో ఒక్కటీ చెప్పిన పని చేయలేదు.

పేరు పలక పోతే ఏమవుతుందని కూరగాయలు పెంచేవారు అనుకోవచ్చు, ఎందుకంటే వంకాయ మొక్క తానెవరో తానే చెబుతుంది. పూల మొక్కల సంగతి వేరు. చామంతి పగటి వేళ తగ్గి రాత్రి వేళ పెరిగినప్పుడే మొగ్గ తొడుగుతుంది కనుక, మాఘ ఫాల్గుణాల్లో పిలకలు నాటిన రోజు నుంచి కార్తికం వరకు పచ్చ చామంతి ఏదో, తెల్లది ఏదో, ఎర్రమట్టి రంగుది ఏదో ఆకును చూసి తేల్చడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. ఒకే మొక్కకు తెలుపు, ముదురు గులాబి రంగులు రెండూ పూసే మేరీ పామర్ వంటి బోగన్‌విలియాను కూడా పూలు లేని రోజుల్లో పక్క కుండీలోని మామూలు రకం నుంచి వేరుచేయలేము. కడియం, కడియపులంక నర్సరీల నుంచి రకరకాల గులాబీ అంట్లు తెచ్చుకునేవారికి కత్తిరింపుల తరువాత ఇదే చిక్కు ఎదురవుతుంది. అంటే పేరు పలక పని చేయవలసిన కాలమంతా సరిగ్గా మన ఎండాకాలమూ వానాకాలమూ అన్నమాట. ఆ రెండింటికీ తట్టుకోలేనిది ఎంత అందంగా ఉన్నా పలక కాదు.

ముందుగా కలం సంగతి చెబుతాను, ఎందుకంటే మోసం ఎక్కువగా ఉన్నది అక్కడే. మార్కర్లలో వాడే సిరాలు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో రంగు ద్రావకంలో పూర్తిగా కరిగిపోయి ఉంటుంది. అది ఆరిన తరువాత నీటికి కరగదు కాబట్టి కుళాయి కింద పెట్టి చూపిస్తే చెక్కుచెదరదు, అమ్మేవారి వీడియోలో చూపించేదీ అదే. కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ రంగు అణువులను విరగ్గొడతాయి, విరిగిన అణువుకు రంగు ఉండదు. చౌక మార్కర్లలోని నలుపు చాలావరకు రెండు మూడు రంగుల మిశ్రమం కనుక అన్నీ ఒకే వేగంతో పోవు, ఆఖరున మిగిలేది ఊదా రంగో, గోధుమ రంగో అవుతుంది. రెండవ రకంలో రంగు కరగకుండా సన్నని రేణువులుగా ఉంటుంది. నలుపుకు వాడే రేణువు సాధారణంగా కార్బన్, దానిని ఎండ ఏమీ చేయలేదు. మన పెన్సిల్ గీత కూడా కార్బనే, అందుకే పదిహేను రూపాయల లోపు దొరికే మెత్తని 2బి, 4బి పెన్సిల్ రాత ఈ మార్కర్ల రాత కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. పెట్టెలోని కలం ఏ రకం సిరాదో పేజీలో ఎక్కడా లేదు, అడిగితే ‘నీళ్లకు చెరగదు సార్’ అన్న జవాబే మళ్లీ మళ్లీ వచ్చింది.

ప్లాస్టిక్ పలకల విషయంలోనూ ఇదే ధోరణి కనిపించింది. నర్సరీ పలకలకు ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్ ఎండను తట్టుకోవాలంటే తయారీలోనే రక్షక రసాయనాలు కలపాలి. కలపకపోతే ఎండ, గాలిలోని ఆక్సిజన్ కలిసి దాని పొడవాటి అణు గొలుసులను తెంచుతాయి, పలక పైభాగం సున్నం రాసినట్టు పొడిపొడిగా మారి, తరువాత వేలితో తాకితే పెళుసుగా విరుగుతుంది. బిందు సేద్యపు పైపులు నల్లగా ఉండడానికి కారణం కూడా ఇదే, ఆ నలుపు అలంకారం కాదు, ప్లాస్టిక్‌ను ఎండ నుంచి కాపాడేందుకు కలిపిన కార్బన్. విరిగిన పలకతో ఇంకొక బెడద ఉంది. మట్టిలో దిగిన భాగం గట్టిగానే ఉంటుంది, పైన పేరు రాసిన భాగం మాత్రం ముక్కలై కుండీలో కలిసిపోతుంది, ఏరి తీయబోతే ఇంకా చిన్న ముక్కలవుతుంది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచినవి ఆ ‘అల్యూమినియం’ ట్యాగులు. బయటికి రెండు వైపులా మెరిసే లోహమే, బాల్ పెన్నుతో నొక్కి రాస్తే అక్షరం లోతుగా దిగుతుంది కూడా. అయితే కత్తెరతో మూల కత్తిరించి అంచును వెలుతురులో చూస్తే నడుమ అట్టముక్క కనిపించింది, దానికి రెండు పక్కలా పలుచని అల్యూమినియం రేకు అతికించారు. ఇటువంటి ట్యాగులకు గోదాముల్లోనూ నర్సరీ షెడ్లలోనూ ఉపయోగం లేకపోలేదు, వాటిని అట్ట ఉన్నవని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆరుబయట మాత్రం వాన నీరు రంధ్రం నుంచీ అంచుల నుంచీ లోపలికి చేరి అట్ట ఉబ్బుతుంది, రేకు ఊడుతుంది, ఊడిన రేకు మీద మనం నొక్కి రాసిన అక్షరం సాగి మాయమవుతుంది. వీటికి ఇచ్చిన తీగ రాగిది కాదు, బంగారు రంగు పూసిన ఇనుము. అయస్కాంతానికి అంటుకుంది, వానల్లో తుప్పు పట్టి రంధ్రం చుట్టూ ఎర్రని చారలు దించింది. నిజమైన రాగి తీగ ఇచ్చి ఉన్నా మేలు జరిగేది కాదు. తడిలో రాగి, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి ఉంటే అల్యూమినియం తినేయబడుతుంది, విశాఖపట్నం, కాకినాడ వంటి ఉప్పు గాలి ఊళ్లలో అది ఇంకా త్వరగా జరుగుతుంది.

ఈ లోపాలన్నీ బయటపడేది వాపసు గడువు దాటిన తరువాతే కావడం ఈ వ్యాపారానికి బాగా కలిసివచ్చింది. పేజీలో ఉన్న పొగడ్తల సమీక్షలను నిదానంగా చదివితే దాదాపు అన్నీ సరుకు అందిన వారంలోపు రాసినవేనని, ఫొటోల్లోని పలకలన్నీ కొత్తవేనని తెలుస్తుంది. ఒక వేసవి గడిచాక తీసిన ఫొటో ఒక్కటీ లేదు. కొన్ని సమీక్షలు అసలు కుండీల గురించి, నీటి డబ్బాల గురించి ఉన్నాయి, అంటే వేరే సరుకుకు వచ్చిన నక్షత్రాలను దీనికి కలిపేశారు. నేను ఫొటోలతో ఫిర్యాదు చేసినప్పుడు అమ్మకందారు ఇచ్చిన మొదటి సమాధానం, పలకలను నేరుగా ఎండ తగిలే చోట ఉంచకూడదని. పూలతోటలో ఎండ తగలని చోట పేరు పలక పెట్టే పద్ధతి ఏమిటో వారు వివరించలేదు.

కాబట్టి ఇప్పటికే ఇటువంటి పెట్టె కొని వాపసు గడువులో ఉన్నవారు కొన్ని పరీక్షలు వెంటనే చేసుకోవచ్చు. టిష్యూ కాగితం మీద ఆ మార్కర్‌తో ఒక చుక్క పెట్టి, దాని మీద చేతులకు రాసుకునే స్పిరిట్ శానిటైజర్ చుక్క వేయండి. నలుపు ఊదా, నీలం, పసుపు వలయాలుగా విడిపోతే అది కరిగే రంగుల మిశ్రమమని, ఎండలో నిలవదని తెలుసుకోవచ్చు. ఒక పలక మీద రాసి సగం రాతను వంటింటి అల్యూమినియం రేకుతో కప్పి మిద్దె మీద పెట్టి, గడువు ముగిసే ముందు రేకు తీసి రెండు సగాలనూ పోల్చి చూడండి, వేసవిలో తేడా మరింత త్వరగా కనిపిస్తుంది. లోహపు ట్యాగులలో ఒకదాని మూలను కత్తిరించి అంచు చూడండి, మరొకదానిని రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. తీగకు అయస్కాంతం పెట్టి చూడండి. ప్రతి పరీక్షనూ పెట్టె మీది ముద్రణ కనిపించేలా ఫోన్‌లో తీసి ఉంచుకోవడం మంచిది.

చిన్న లేబుల్ ప్రింటర్లు కొనమని సలహా ఇచ్చేవారు కూడా ఉన్నారు. వాటిలో సిరా అక్కరలేకుండా వేడితో అచ్చు వేసే రకం తోటకు పనికిరాదు. అది బస్సు టికెట్టు కాగితం వంటిదే, వేడి తగిలితే కాగితమే నల్లబడేలా తయారైనది కనుక నడివేసవిలో స్టిక్కర్ మొత్తం మాసిపోవచ్చు, లేదా వెలుతురుకు అచ్చు పాలిపోవచ్చు. లామినేషన్ చేసిన కాగితపు చీటీలు కూడా రంధ్రం చేసిన చోట నీరు పీల్చుకుని బూజు పడతాయి.

ఇంతకూ డబ్బు పెట్టకుండానే ఇంతకంటే మంచివి ఇంట్లో చేసుకోవచ్చు, ఈ పద్ధతి చాలామంది పాత తోటమాలులకు తెలిసినదే. తాగి పారేసిన కూల్‌డ్రింకు డబ్బా గోడ మిల్లీమీటరులో పదో వంతు మందం ఉండే అసలైన అల్యూమినియం. చేతులకు తొడుగులు వేసుకుని పైభాగం, అడుగు కోసి తీసేసి, మిగిలిన రేకును చదును చేసి రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కత్తిరించండి. అంచులు బ్లేడు వలె కోస్తాయి కనుక చుట్టూ సన్నగా మడిచి, చెంచా వీపుతో నొక్కండి. పాత వారపత్రిక మీద ఆ పట్టీని పెట్టి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా ఒత్తి రాస్తే అక్షరం గాడిగా దిగుతుంది. ఇందులో రంగు అన్నదే లేదు కాబట్టి వెలిసిపోయే ప్రశ్న రాదు, మట్టి పట్టినా తుడిచి చదువుకోవచ్చు. తెలుగులో రాసేటప్పుడు వత్తులకు చోటు చాలక రేకు చిరిగే అవకాశం ఉంది, అక్షరాన్ని కాస్త పెద్దదిగా రాసి వరుసల మధ్య ఎడం ఉంచడం మేలు. కట్టేందుకు అల్యూమినియం తీగనే వాడండి, కొమ్మ లావెక్కినప్పుడు బెరడులోకి దిగకుండా వదులుగా ఉంగరంలా చుట్టండి. గులాబీకైతే ఆ ఏడు కత్తిరించబోయే కొమ్మకు కాక అంటు పైనున్న ప్రధాన కాండానికి కట్టాలి, లేకపోతే కత్తిరింపుల రోజున పేరు కూడా చెత్తలోకి పోతుంది.

ప్లాస్టిక్ పలకలు ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు వాటిని పారేయనక్కరలేదు. నున్నటి పైభాగాన్ని సాండ్ పేపర్‌తో కొద్దిగా గరుకు చేసి మెత్తని పెన్సిల్‌తో రాసి, కుండీ అంచు వెంబడి పూర్తిగా మట్టిలోకి దించేయండి. ఎండ తగలదు కనుక పలక పెళుసుబారదు, పైనున్న ట్యాగు ఊడినా, కోతులు పీకినా తవ్వి తీస్తే పేరు దొరుకుతుంది. మా ఇంట్లో చామంతులకు ఇప్పుడు ఈ రెండో పలక తప్పనిసరి అయింది.

డబ్బు తిరిగి రాబట్టుకోవాలనుకునేవారు ‘వాపసు గడువు ముగిసింది’ అన్న ఒక్క మాటతో వెనుదిరగవద్దు. 2020 నాటి వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, సరుకు లోపభూయిష్టమైనదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు దానికి లేకపోయినా అమ్మకందారు దానిని వెనక్కి తీసుకోవడానికి గానీ, డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ నిరాకరించకూడదు. అమ్మకపు వేదిక తరఫు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరు ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే అక్కడ రుసుము లేదు, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. ఫిర్యాదు చేయకముందే ప్రకటన పేజీని, బిల్లును ఫొటో తీసి ఉంచుకోండి, ఎందుకంటే నా ఫిర్యాదు తరువాత ఆ పేజీలోని ‘ఎండకు వెలిసిపోవు’ అన్న వాక్యం కనిపించకుండా పోయింది. నా దగ్గర పాత పేజీ ఫొటో ఉన్నందువల్లనే సహాయ కేంద్రం ద్వారా డబ్బు తిరిగి వచ్చింది.

అదే సరుకు ఇప్పుడు మరొక అమ్మకందారు పేరుతో, పెట్టె రంగు మార్చి, మళ్లీ అమ్మకానికి వచ్చింది. ఫొటోలు మాత్రం పాతవే: నీలం కుండీలో ఎర్ర గులాబీ, దాని ముందు ఆంగ్లంలో రాసిన తెల్ల పలక, పక్కన బంగారు రంగు తీగ చుట్ట. ట్యాగుల మందం, సిరా రకం, తయారీదారు పేరు ఈసారి కూడా రాయలేదు.