"సెంట్రల్ స్కీమా" ఉందని డాక్యుమెంటేషన్ టూల్ అమ్ముతున్నారా? డెమోకి రెండు లాప్‌టాప్‌లు తెమ్మనండి

మాన్యువల్స్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో (ప్రతి భాగానికీ అది ఏమిటో చెప్పే ట్యాగు పెట్టి రాసే పద్ధతి), ముఖ్యంగా మాన్యువల్స్ లాంటివాటి కోసం చేసిన డిటా అనే రకంలో రాసే టీములు, అందులోనూ తలా ఒక ఊళ్లో కూర్చుని రాసేవాళ్లు కొనేముందు ఇది చదవండి. అమ్మిన కంపెనీ పేరు రాయడం లేదు, డబ్బు వాపసు గొడవ ఇంకా తెమల్లేదు.

మేం నీళ్ల పంపుల మాన్యువల్స్ రాస్తాం. హైదరాబాద్‌లో నలుగురం, విశాఖలో ఇద్దరు, పుణెలో ముగ్గురు. డిటా ఐబీఎమ్‌లో పుట్టింది, 2005లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఏ ఎలిమెంట్ (ట్యాగు పెట్టిన భాగం) లోపల ఏది రావాలో డీటీడీ అనే రూల్స్ ఫైళ్లు చెబుతాయి, వాళ్లు స్కీమా అనేది వీటినే. కరెంట్ షాక్ హెచ్చరికకి మాకంటూ ఒక ఎలిమెంట్ కావాలని, మామూలు నోట్ ఎలిమెంట్ మీద స్పెషలైజేషన్, అంటే దాన్నుంచి పుట్టిన కొత్త రకం, చేయించాం. ఇక తొమ్మిది మందీ ఒకే డీటీడీ మీద ఉండాలి కదా, అందుకే ఈ టూల్ కొన్నాం. "ఇక్కడ ఒక్కచోట మారిస్తే అందరికీ మారిపోతుంది సార్" అన్నారు. డెమోలో మారింది కూడా. ఆ డెమో మొత్తం ఒకే లాప్‌టాప్‌లో జరిగిందన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

మొదట పుణె నుంచి ఫోన్ వచ్చింది, ఫైలు తెరుచుకోవట్లేదని. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. ఈ ఫైలుకి ఏ డీటీడీయో చెప్పే డాక్‌టైప్ లైన్‌లో పబ్లిక్ ఐడీ, అంటే ఏ మెషిన్‌లోనైనా మారని డీటీడీ పేరు, బాగానే ఉంది. దాని పక్కన సీ డ్రైవ్, యూజర్స్, మా హైదరాబాద్ కుర్రాడి లాగిన్ పేరు, డెస్క్‌టాప్, "న్యూ ఫోల్డర్ 2", ఆ లోపల డీటీడీ! ఎవరు సేవ్ చేస్తే వాళ్ల మెషిన్‌లోని దారిని ఫైల్లో రాసేస్తోందన్నమాట. పబ్లిక్ ఐడీని బట్టి మన దగ్గరున్న కాపీని వెతికిపెట్టడానికి ఎక్స్‌ఎమ్‌ఎల్ కేటలాగ్ అని ఎప్పటినుంచో ఉంది. ఈ టూల్ దాన్ని పట్టించుకోదు. వీళ్ల దృష్టిలో సెంట్రల్ అంటే, ఇన్‌స్టాల్ చేసిన రోజు జిప్ ఫైలు విప్పి ప్రతి మెషిన్‌లో ఒక కాపీ పడేయడం. ఆ తర్వాత మార్పులన్నీ మనమే మెయిల్‌లో పంచుకోవాలి.

గట్టిగా అడిగితే ఒక "పరిష్కారం" ఇచ్చారు. డీటీడీ దారి తీసేసి వాళ్ల సర్వర్ లింక్ పెట్టారు. ఇక ఫైలు తెరిచిన ప్రతిసారీ ఎడిటర్ నెట్‌లోకి పరిగెత్తడమే. ఇలా డీటీడీల కోసం తమ సర్వర్ మీద ఊరికే వచ్చిపడే రిక్వెస్టులు రోజుకి 13 కోట్ల దాకా ఉన్నాయని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీయే 2008లో మొత్తుకుంది. కాపీ దాచుకుని వాడండయ్యా అని చెప్పింది కూడా. మా విశాఖ వాళ్లు కూర్చునేది ప్లాంటులో, అక్కడ నెట్ అంతంతమాత్రం. ఒక శనివారం ఆ సర్వరే పడిపోతే తొమ్మిది మందీ చేతులు కట్టుకు కూర్చున్నాం.

దీంతో విశాఖ వాళ్లు విసిగిపోయి పాత కాపీకే తిరిగి వెళ్లారు. అసలు గొడవ అక్కడ మొదలైంది. మా కొత్త ఎలిమెంట్ ఆ పాత డీటీడీలో లేదు, అందుకని దాని కింద ఎర్రగీత వస్తోంది. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే "దాన్ని పట్టించుకోకండి" అన్నారు. ఒకాయన పట్టించుకోలేదు. ఇంకొకాయన శ్రద్ధగల మనిషి, తప్పు కనిపిస్తే ఊరుకోడు. ఎలిమెంట్ తీసేసి, హెచ్చరికని బోల్డ్ పేరాగా మార్చుకుంటూ పోయాడు. నేను ఆయన్ని తప్పుపట్టను.

ఫైళ్లనుంచి పీడీఎఫ్ తయారుచేసే పబ్లిషింగ్ సర్వర్ సంగతి ఇంకా ఘోరం. అందులోనూ పాత డీటీడీయే ఉంది, పైగా వ్యాలిడేషన్ (ఫైలు డీటీడీ ప్రకారం ఉందా అన్న తనిఖీ) ఆఫ్ చేసి పెట్టారు, ఎర్రర్లు రాకుండా! డిటాలో ప్రతి ఎలిమెంట్‌కీ క్లాస్ అనే అట్రిబ్యూట్ (ట్యాగుకి తగిలించే అదనపు సమాచారం) మామూలుగా డీటీడీ నుంచే వస్తుంది. ఇది ఫలానా నోట్‌లాంటిదని పబ్లిషింగ్ ఇంజన్‌కి తెలిసేది దాన్ని బట్టే. డీటీడీలో ఆ ఎలిమెంటే లేకపోతే క్లాస్ లేదు, క్లాస్ లేకపోతే ఇంజన్‌కి అది ఏమిటో తెలీదు. పీడీఎఫ్‌లో పెట్టె లేదు, మెరుపు గుర్తు లేదు. "మోటారు మూత విప్పే ముందు మెయిన్ ఆఫ్ చేయండి" అన్న వాక్యం మామూలు పేరాల్లో కలిసిపోయింది. ప్రింటుకి పంపేముందు మా సర్వీస్ ఇంజనీర్ ఒకసారి తిరగేశాడు కాబట్టి బతికిపోయాం.

సరే, మా డీటీడీ మాకిచ్చేయండి, మేమే చూసుకుంటాం అంటే స్పెషలైజేషన్ ఫైళ్లు తమవన్నారు. మా అవసరం, మా స్పెసిఫికేషన్, మా డబ్బు. కానీ కాంట్రాక్టులో ఆ ఒక్క వాక్యం లేదు. తప్పు మాదే. మీరు సంతకం పెట్టేముందు ఆ వాక్యం రాయించుకోండి.

డెమోలో రెండు లాప్‌టాప్‌లు పెట్టించండి. మొదటిదాంట్లో ఒక అట్రిబ్యూట్‌కి కొత్త విలువ చేర్చమనండి. రెండోదానికి అది ఎప్పుడు, ఎలా వచ్చిందో చూడండి. తర్వాత దాని వైఫై తీసేసి అదే ఫైలు మళ్లీ తెరవమనండి. సేవ్ చేసిన ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి పై రెండు లైన్లు మీరే చదవండి. పబ్లిషింగ్‌లో వ్యాలిడేషన్ ఆన్‌లో ఉందా అని నోటితో అడిగి వదిలేయకండి, కావాలని ఒక తప్పు ఫైలు ఇచ్చి ఆగుతుందో లేదో చూడండి.

ఇప్పుడు మేం డీటీడీలు, కేటలాగ్ మా సొంత గిట్ రిపోలో (ఫైళ్లనీ వాటి మార్పులనీ అందరికీ ఒకేచోట ఉంచే స్టోర్) పెట్టుకున్నాం. స్పెషలైజేషన్ మొదటినుంచి రాసుకోవడానికి మా ఇద్దరికి మూడు వారాలు పట్టింది. బోల్డ్ పేరాలైపోయిన హెచ్చరికల్ని ఒక్కొక్కటే వెతికి మళ్లీ ఎలిమెంట్‌లో పెడుతున్నాం. బోల్డ్‌లో ఉన్నవన్నీ హెచ్చరికలు కావు కాబట్టి స్క్రిప్టుకి వదిలేసే పని కాదది. సబ్‌మెర్సిబుల్ పంపులవి అయ్యాయి, మోనోబ్లాక్‌వి ఇంకా మొదలుపెట్టలేదు.