చెనిక్కాయ చెక్క: బీట్లో మేసే పెయ్యలకు పెట్టదగ్గదేనా?

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల నూనె మిల్లుల్లో నూనె తీశాక మిగిలే చెనిక్కాయ చెక్కకు అయిదుకు నాలుగు మార్కులు. కోత పెట్టిన ఆ ఒక్క మార్కూ బూజు ఖాతాలోది.

ఎండాకాలం బీట్లో మిగిలే ఎండుగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే. మేత మొత్తంలో 7 శాతం కన్నా తగ్గితే పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకే చాలవు. నార అరగదు, పెయ్య మేయడమే తగ్గించేస్తుంది. పొట్ట జారి వెన్ను తేలిన పెయ్యల్లో చాలావరకు కనపడేది ఈ లోటే.

మిల్లు చెక్కలో మాంసకృత్తులు 40 శాతం పైన, నూనె 7–8 శాతం ఉంటాయి. అంటే 50 కిలోల బస్తాలో 20 కిలోల మాంసకృత్తులు. 20 శాతమని చీటీ ఉన్న దాణా బస్తాలో 10 కిలోలే. కాబట్టి చెక్క ధర దాణా ధరకు రెండింతలు దాటనంతవరకు చెక్కే చవక. కాకపోతే దాణాలో ఖనిజ లవణాలు కలిసే వస్తాయి, ఇక్కడ ఆ సుఖం లేదు. రోజుకు 30 గ్రాముల ఖనిజ మిశ్రమం, 20 గ్రాముల ఉప్పు విడిగా వేసుకోవాలి.

150 కిలోల సంకర జెర్సీ పెయ్య ఎండుమేత మీద రోజుకు దాదాపు అర కిలో పెరగాలంటే 700 గ్రాముల చెక్క, అర కిలో తవుడు లెక్క. వానలు పడి లేతగడ్డి వచ్చాక 200 గ్రాములు చాలు. అప్పుడూ పాత కొలతే పెడితే ఎక్కువైన నత్రజని మూత్రంలో పోతుంది, పేడ పలచబడుతుంది, డబ్బు దండగ. తూకం లేనివాళ్లు ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే హెచ్చించి, ఒంటి పొడవుతో మళ్లీ హెచ్చించి, 660తో భాగించాలి. చుట్టు 48, పొడవు 43 అయితే 150 కిలోలు. సంకర పెయ్యను 250 కిలోలు వచ్చాక చూలు కట్టించాలన్న లెక్క పుంగనూరు పొట్టి జాతికి పనికిరాదు. పెద్ద ఆవే 200 కిలోలు దాటడం అరుదు.

పెట్టేది సాయంత్రం, బీటి నుంచి వచ్చాక. రెండు గంటలు నానితే చాలు, రాత్రంతా నానబెడితే ఎండకు పులుస్తుంది. ఒకే తొట్టిలో పోస్తే బలిసినవే తినేసి బక్కవి చూస్తూ నిలబడతాయి. వేర్వేరుగా కట్టి పెట్టండి.

ఇక బూజు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో చెక్క తేమ పీల్చుకుంటుంది, అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పుడుతుంది. దాణాలో దానికి హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములే. ఎండబెడితే బూజు చస్తుందేమో గానీ విషం పోదు. బిళ్ల విరిచి చూడండి: లోపల పచ్చటి పొడి, ముక్కవాసన ఉంటే తిప్పి పంపేయాలి. శుభ్రంగా కనపడినదాంట్లోనూ విషం ఉండొచ్చు, అందుకే వానాకాలంలో 15 రోజులకు మించి కొనకండి. బస్తాలు చెక్కపలకల మీద, గోడకు అడుగు దూరంలో ఉండాలి. గుప్పెడు పొడి గ్లాసు నీళ్లలో వేస్తే ఇసుక అడుక్కి, పొట్టు పైకి వస్తాయి. కల్తీ అక్కడే తెలిసిపోతుంది.

చెక్క ధర మరీ ఎక్కితే సుపోషణ గడ్డి ఉంది: 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా 60 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, తొక్కి, గాలి తగలకుండా పట్ట కప్పి 21 రోజులు ఉంచాలి. మాంసకృత్తులు 7 శాతం దాకా వస్తాయి, చెక్క సగానికి దించొచ్చు. ఆరు నెలల్లోపు దూడలకు మాత్రం వేయకూడదు. పెద్దవాటికైనా గంటసేపు ఆరబెట్టి, ఘాటు పోయాకే వేయాలి.