పిల్స్ ఆపాక కొన్న ఓవ్యులేషన్ స్ట్రిప్పులు: మూడు నెలలు వాడి చెప్తున్నా

పిల్లలు అప్పుడే వద్దని నాలుగేళ్లు గర్భం రాకుండా పిల్స్ వేసుకుని మొన్న సంక్రాంతి అయ్యాక ఆపేశాను. మర్నాటి నుంచే "విశేషం ఏమైనా ఉందా" అని మా అత్తమ్మ మొదలుపెట్టింది. ఆ టెన్షన్‌లో ఓవ్యులేషన్, అంటే అండం విడుదల, ఎప్పుడో ముందే చెప్పే ముప్పై స్ట్రిప్పుల పెట్టె ఆన్‌లైన్‌లో తెప్పించాను.

చూడ్డానికి ప్రెగ్నెన్సీ టెస్ట్ లాగే ఉంటుంది, యూరిన్‌లో ముంచి ఐదు నిమిషాలు ఆగాలి, కానీ ఇది చూసేది ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని. అది ఒక్కసారిగా పెరిగాక సాధారణంగా 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది, విడుదలైన అండం ఒక రోజుకు మించి బతకదు, అందుకే ఆ రెండు రోజులు ముందే పట్టుకోవాలని ఈ తంటా అంతా. నేను బోర్లా పడింది రెండో గీత దగ్గర. ప్రెగ్నెన్సీ టెస్ట్‌లో లేత గీత కనిపించినా సంబరమే, ఇందులో లేత గీత అంటే ఇంకా కాలేదని, పక్క గీతంత ముదురుగా రావాలి. ఇది తెలియక మొదటి రోజే ఫోటో తీసి మా అక్కకు పంపాను, ఇప్పటికీ నవ్వుతుంది.

అసలు కోపం పెట్టెలో పెట్టిన, ఎలా వాడాలో చెప్పే కాగితం మీద. డేట్ వచ్చిన పదకొండో రోజు మొదలుపెట్టి ఐదు రోజులు చూడమని రాశారు, అది 28 రోజులకు డేట్ వచ్చేవాళ్ల లెక్క, ఆ ముక్క ఎక్కడా లేదు. పిల్స్ ఆపిన మూడో రోజు వచ్చిన బ్లీడింగ్ మాత్రలు మానినందుకు వచ్చేదే, మామూలు డేట్ కాదు, నేను దాన్నే ఒకటో రోజుగా లెక్కపెట్టి పదకొండు స్ట్రిప్పులు తగలేశాను. తర్వాతి డేట్ 41వ రోజుకు వచ్చింది. డేట్‌కు దాదాపు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది కాబట్టి, ఆ నెల అయి ఉంటే ఏ 27వ రోజునో అయి ఉంటుంది, నేను అప్పటికే విసుగొచ్చి మానేశాను.

రెండో నెల పన్నెండు నుంచి చూస్తే పంతొమ్మిదో రోజు ముదురు గీత, డేట్ 33కి. మూడో నెల పదిహేను నుంచి మొదలుపెట్టాను, మళ్లీ పంతొమ్మిదే! అంటే చెప్పాల్సిన పని బాగానే చెప్తుంది. పొద్దున లేవగానే కాకుండా మధ్యాహ్నం చూడండి, రెండు గంటల ముందు నుంచి నీళ్లు, మజ్జిగ తగ్గించండి, ఈ ఎండల్లో కష్టమే గానీ లేకపోతే గీత పలచబడిపోతుంది.

పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లు మాత్రం కొనకముందు డాక్టర్‌ని అడగండి, వాళ్లలో కొందరికి ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువే ఉండి స్ట్రిప్ ఉత్తినే అవునంటుంది. ముదురు గీత వచ్చినంత మాత్రాన అండం విడుదలైనట్టు రుజువూ కాదు. పిల్స్ వల్ల గర్భసంచి పాడైపోతుందని పక్కింటి ఆంటీ అంటే భయపడి మా డాక్టరమ్మను అడిగాను, అదేం లేదు, కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది అంతే అని ఫోలిక్ యాసిడ్ రాసిచ్చింది. 35 దాటినవాళ్లు ఆరు నెలలు, మిగతావాళ్లు ఏడాది చూసి రమ్మంది.

ఐదుకు మూడు స్టార్లు. పోయిన రెండూ ఆ కాగితానికే. పెట్టెలో ఇంకా ఆరు మిగిలాయి, ఈ నెల డేట్‌కు నాలుగు రోజులుంది, అత్తమ్మకు మాత్రం చెప్పలేదు.