అమ్మకు చేయించిన జన్యు పరీక్ష: ఐదుకు రెండు నక్షత్రాలు

ఆసుపత్రులు బారులు తీరిన అనంతపురం సాయినగర్‌లోని ఒక పరీక్షా కేంద్రంలో, రుతువిరతి తరువాత రొమ్ము క్యాన్సర్ ముప్పును ముందే చెబుతామంటూ అమ్ముతున్న జన్యు పరీక్షను మా అమ్మకు చేయించాను. ఆమెకు 61 ఏళ్లు, ముట్లుడిగి పదేళ్లయింది. లాలాజలం తీసుకోవడానికి ఉదయం 7 గంటలకే ఇంటికి వచ్చిన అబ్బాయి, అమ్మ అప్పుడే టీ తాగిందని తెలిసి, విసుక్కోకుండా అరగంట కూర్చున్నాడు. మూడు వారాలకు నివేదిక వచ్చింది. అంతా ఇంగ్లీషే.

అందులో ఎఫ్‌టీవో, ఎంసీ4ఆర్ అనే జన్యువుల్లో ఊబకాయానికి దారితీసే భేదాలను చూసి, అమ్మకు ఎఫ్‌టీవో భేదం తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చినందున రొమ్ము క్యాన్సర్ ముప్పు ‘అధికం’ అని ఎర్ర అక్షరాల్లో రాశారు. నా అభ్యంతరమంతా ఈ ముడిపెట్టడం మీదనే. 16వ క్రోమోజోము మీద ఉన్న ఎఫ్‌టీవోకు ఊబకాయంతో సంబంధం ఉందని 2007లో ఐరోపా సంతతివారిలో జరిపిన పరిశోధనలో తేలిన మాట నిజమే కానీ, ఆ భేదం రెండు ప్రతులూ ఉన్నవారు అసలు లేనివారికన్నా సగటున 3 కిలోల బరువు మాత్రమే ఎక్కువ ఉన్నారు. ముట్లుడిగాక అండాశయాల నుంచి, రొమ్ము క్యాన్సర్‌కు ఊతమివ్వగల ఈస్ట్రోజెన్ అనే హార్మోను దాదాపు ఆగిపోతుంది. అప్పుడు కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ అనే ఎంజైము ఇతర హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది కాబట్టి, ఒంట్లో పేరుకున్న కొవ్వే ముప్పును పెంచుతుంది. విచిత్రమేమంటే, బరువు పెంచే జన్యు భేదాలన్నిటినీ కలిపి లెక్కగట్టిన పెద్ద అధ్యయనాల్లో, అవి ఎక్కువగా ఉన్న స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు కాస్త తక్కువగానే కనిపించింది. చిన్నతనంలో బొద్దుగా ఉండటానికీ తరువాతి కాలంలో ముప్పు తగ్గడానికీ సంబంధం కనిపిస్తుండటం దీనికి ఒక కారణం కావచ్చునంటారు. అలాంటప్పుడు ఎర్ర అక్షరాలకు ఆధారమేమిటో నివేదికలో ఎక్కడా లేదు.

అంతకన్నా ఆశ్చర్యం, దరఖాస్తులో అమ్మ బరువు, ముట్లు ఆగిన వయసు, కుటుంబంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అన్న ప్రశ్నలు లేకపోవడం. వంశపారంపర్యంగా ముప్పును నిజంగా ఎన్నో రెట్లు పెంచే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులను ఈ ప్యాకేజీలో చూడనే లేదు.

నివేదిక పట్టుకుని మేము కలిసిన డాక్టరమ్మగారు దాన్ని పక్కనపెట్టి, ముందు అమ్మను కాటా ఎక్కించారు. 150 సెంటీమీటర్ల ఎత్తుకు 63 కిలోలు, అంటే ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ 28. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. ఆ బరువులో 11 కిలోలు ముట్లుడిగాక పెరిగినవే. రొమ్ముకు తీసే ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్ రాసి, నడక, తిండి గురించి తెలుగులో ఓపికగా చెప్పారు.

నివేదికను వివరించడానికి జన్యు సలహాదారు ఫోను చేస్తారని కేంద్రంవారు రెండుసార్లు సమయం ఇచ్చారు. రెండుసార్లూ ఫోను రాలేదు. నేనిచ్చిన రెండు నక్షత్రాలూ ఉదయాన్నే వచ్చిన ఆ అబ్బాయికే.