కంప్యూటర్ ఆన్ కాగానే మన కమాండ్ నడవాలంటే: క్రాన్ మేలా, సిస్టమ్‌డీ మేలా?

బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్‌లో ఓ మూల పాత డెస్క్‌టాప్‌కు ఉబుంటు లినక్స్ వేసి పెట్టారనుకోండి. ఊళ్లో అమ్మానాన్నల ఫోన్లలోని ఫొటోలన్నీ అందులోకే చేరుతుంటాయి. సాయంత్రం వానకు కరెంటు పోయి వస్తే, మీరు ఆఫీసులో ఉన్నా అది తనంతట తాను లేచి బ్యాకప్ స్క్రిప్ట్ మొదలుపెట్టాలి. లేవడం వరకు బయోస్ సెట్టింగ్ చూసుకుంటుంది. స్క్రిప్ట్ సంగతే మనం తేల్చుకోవాలి.

అన్నిటికంటే తేలికైంది క్రాన్, అంటే చెప్పిన సమయానికి కమాండ్లు నడిపే లినక్స్ ప్రోగ్రాము. మీ క్రాన్‌ట్యాబ్ (క్రాన్ చదివే పనుల జాబితా) తెరిచి, ఒక్క వరుసలో @రీబూట్ అని, పక్కన స్క్రిప్ట్ పూర్తి పాత్ రాస్తే పనైపోతుంది. మీ పేరు మీదే నడుస్తుంది కాబట్టి రూట్ (అడ్మిన్) అనుమతి అక్కర్లేదు. కానీ టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్ట్ ఇక్కడ మొండికేయొచ్చు. క్రాన్ మీ బాష్ (టెర్మినల్ షెల్) సెట్టింగులు చదవదు, కమాండ్ల కోసం అది వెతికే ఫోల్డర్ల జాబితా చాలా చిన్నది. అందుకే లోపల వాడే కమాండ్లకూ పూర్తి పాత్ ఇవ్వాలి. అవుట్‌పుట్‌ను లాగ్ ఫైల్‌లోకి మళ్లించకపోతే ఎర్రర్ ఏమిటో కూడా తెలియదు.

అసలు చిక్కు రౌటర్‌తో. కరెంటు రాగానే కంప్యూటర్, రౌటర్ ఒకేసారి లేస్తాయి. ఫైబర్ లైన్ కలిసేలోపే డెస్క్‌టాప్ సిద్ధమైపోతుంది. @రీబూట్ నెట్ కోసం ఆగదు, ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించదు. స్క్రిప్ట్ మొదట్లో స్లీప్ 60 (60 సెకన్లు ఆగమని) పెట్టడం చాలామంది చేసే పనే, కానీ అది గుడ్డి అంచనా.

సిస్టమ్‌డీ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే సర్వీసులను మొదలుపెట్టి చూసుకునే ప్రోగ్రాము. అందులో ఒక చిన్న సర్వీస్ ఫైల్ (ఏం నడపాలో, ఎప్పుడు నడపాలో చెప్పేది) రాయాలి. ఆ ఫైల్‌లో వాంట్స్, ఆఫ్టర్ రెండు చోట్లా నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ పేరు ఇస్తే నెట్‌వర్క్ కోసం ఆగుతుంది. ఇంతటితో నిశ్చింత అనుకోకండి. రౌటర్ ఐపీ అడ్రస్ ఇచ్చేస్తే చాలు, దాని లెక్కలో నెట్‌వర్క్ వచ్చేసినట్టే, బయటి ఇంటర్నెట్ ఇంకా రాకపోయినా సరే. కాబట్టి రీస్టార్ట్ దగ్గర ఆన్-ఫెయిల్యూర్ అని తప్పకుండా పెట్టండి. దాంతోపాటు రీస్టార్ట్‌సెక్ 30 అనండి. అది లేకపోతే సెకనులో పదో వంతుకోసారి ప్రయత్నించి, మామూలు సెట్టింగుల్లో 10 సెకన్లలో 5 సార్లు విఫలమవగానే చేతులెత్తేస్తుంది. ఫైల్ పెట్టాక ఎనేబుల్ చేయడం మరవద్దు. ఏం జరిగిందో లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లో దొరుకుతుంది. నా ఓటు దీనికే, రాయడానికి పది వరుసలైనా సరే.

పాత గైడ్లలో కనిపించే ఆర్‌సీ.లోకల్ (కంప్యూటర్ లేచేటప్పుడు చివర్లో నడిచే స్క్రిప్ట్) సంగతంటారా? 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 సిస్టమ్‌డీకి మారాక దాని అవసరం పోయింది. ఫైల్ సృష్టించి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇస్తే ఇప్పటికీ చాలా చోట్ల నడుస్తుంది గానీ, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ గొడవెందుకు? డెస్క్‌టాప్‌లోని స్టార్టప్ అప్లికేషన్స్ మీరు లాగిన్ అయ్యాకే పనిచేస్తాయి. తెర మీద విండో తెరిచే ప్రోగ్రాములకు అవి బాగుంటాయి, మనిషి లేని ఫ్లాట్‌లో కాదు.

నెట్‌తో పనిలేని చిన్న కమాండ్‌కు, అంటే పాత టెంప్ ఫైళ్లు తుడవడం లాంటి వాటికి, క్రాన్ ఒక్క వరుస చాలు. అక్కడ సర్వీస్ ఫైల్ రాయడం అనవసర శ్రమే.

ఏది ఎంచుకున్నా, రీబూట్ కొట్టి నడిచిందని వదిలేయకండి. అప్పుడు రౌటర్ ఆన్‌లోనే ఉంటుంది కదా. కంప్యూటర్‌ను మామూలుగా షట్‌డౌన్ చేసి, దానికీ రౌటర్‌కూ స్విచ్ ఆపి, రెండూ ఒకేసారి వేసి చూడండి.