సత్యనారాయణపురంలోని మాసికాల ఇల్లు: ఎనిమిది నెలల అనుభవం

మా నాన్నగారు జ్యేష్ఠ బహుళ షష్ఠి నాడు కాలం చేశారు. నేను విజయవాడలో ఒక ఆడిటర్ గారి కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ సీఏ ఇంటర్ రెండో గ్రూపుకు చదువుకుంటున్నాను. మేముండేది రెండు గదుల అద్దె ఇల్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మడి వంట చేయగల స్థితి కాదు. అందువల్ల ఆషాఢం నుంచి మాసికాలను, అంటే ఏడాది పాటు నెలనెలా తిథి నాడు పెట్టే శ్రాద్ధాలను, సత్యనారాయణపురంలో, బీఆర్‌టీఎస్ రోడ్డుకు రెండు వీధుల అవతల ఉన్న ఒక భవనంలో పెడుతున్నాను. ఆ చుట్టుపక్కల ఎవరిని అడిగినా దాన్ని మాసికాల ఇల్లు అనే చెబుతారు. నాలాగే సెలవులు చాలక, ఇంట్లో వీలు లేక, కర్మ మానుకోవడానికి మనసొప్పక వెతుక్కునేవారికి పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదటి నెల నిండేలోపు పెట్టే ఊనమాసికం వేరొక చోట పెట్టాను. అక్కడ ఒకే హాలులో నాలుగు కుటుంబాలను వరుసగా కూర్చోబెట్టి, మైకులో ఒకే మంత్రం అందరికీ చెప్పించి, ఎవరి నాన్నగారి పేరు వాళ్లను గొణుక్కోమన్నారు. ఇరవై అయిదు నిమిషాల్లో అంతా అయిపోయింది. బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తుంటే, ఇంతకూ నేను చేసిందేమిటో నాకే అర్థం కాలేదు. ఆ రోజు ఆఫీసుకు సమయానికే చేరాను కానీ సాయంత్రం దాకా ఒక్క అంకె కూడా సరిగా చూడలేకపోయాను.

ఈ ఇంట్లో మొదట నాకు నచ్చినది వేళ విషయంలో వారి పట్టుదల. పగటిని పదిహేను ముహూర్తాలు చేస్తే ఎనిమిదోది కుతపం. అది సుమారుగా 11.30 నుంచి 12.30 లోపు వస్తుంది. పితృకార్యానికి ఆ వేళలోనే ఆరంభం గానీ పొద్దున్నే కాదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, ఉదయం ఏడింటికి ముగించేస్తే పదింటికి ఆఫీసులో ఉంటానని అడిగాను. నిర్వాహకులు కుదరదని మెత్తగానే చెప్పి, "పూట సెలవు పెట్టుకో బాబూ, రెండింటికల్లా నిన్ను పంపించే పూచీ నాది" అన్నారు. ఎనిమిది మాసికాల్లో ఒక్కసారి కూడా రెండు దాటలేదు. పావు తక్కువ పదకొండుకు వెళితే స్నానం, తడిబట్టలతో లోపలికి రావడం, మడి పంచె కట్టుకోవడం, సంకల్పం, భోక్తల (పితృస్థానంలో కూర్చునే బ్రాహ్మణుల) భోజనం, పిండప్రదానం, తర్పణం, చివరికి నా భోజనం, ఇవన్నీ ఆ మూడు గంటల్లో తొందర లేకుండా జరుగుతాయి. ఒక కుటుంబానికి ఒక గది, మంత్రం చెప్పి జరిపించే ఒక బ్రహ్మగారు.

ఆ తొందర లేకపోవడం ఎంత విలువైనదో భాద్రపదంలో తెలిసింది. సెప్టెంబరు 30 టాక్స్ ఆడిట్ నివేదికలకు గడువు కావడంతో మా ఆఫీసులో ఆ నెలంతా రాత్రి పదింటి దాకా పనే. ఇంటికొచ్చి పదకొండు నుంచి ఒంటిగంట దాకా కాస్టింగ్ లెక్కలు చేసుకునేవాణ్ణి. నాన్నగారిని తలచుకునే తీరికే ఉండేది కాదు, తలచుకోలేదన్న బాధ మాత్రం ఉండేది. ఆ నెల మాసికం నాడు బ్రహ్మగారు నా ఉంగరపు వేలికి దర్భ పవిత్రం తొడుగుతూ ఆగిపోయారు. ముందురోజు రాత్రి వోచర్ల మీద టిక్కులు పెట్టిన ఆకుపచ్చ సిరా వేలి గణుపు మీద అలాగే ఉంది, స్నానం చేసినా పోలేదు. ఆయన ఏమీ అనకుండా చెంబుతో నీళ్లు పోయించి, నేను రుద్దుకొనేదాకా కూర్చున్నారు. తరువాత గోత్రం, పేరు చెప్పమన్నారు. బ్రతికి ఉండగా నాన్నగారిని నేను పేరు పెట్టి పిలిచిన సందర్భం ఒక్కటీ లేదు. ఇప్పుడు నెలనెలా ఆ పేరును పైకి, స్పష్టంగా, వసురూపంగా, అంటే వసువులనే దేవతల రూపంగా, భావించి పలకాలి. ఆ రోజు నా గొంతు పెగల్లేదు. ఆయన గడియారం చూసుకోలేదు, నా బదులు తాను పలికెయ్యలేదు. నేను పలికేదాకా ఆగారు. నేను చెల్లించే రుసుములో ఈ నిరీక్షణకు లెక్క లేదు గానీ, నేను మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లడానికి కారణం ఇదే.

వంట గురించి తప్పక చెప్పాలి. మిరపకాయకు బదులు మిరియాలు వేసిన అరటికాయ కూర, కంద, పెసరపప్పు, అల్లం పచ్చడి, నువ్వుల పొడి, గారెలు, పరమాన్నం ఉంటాయి. గారెలు అప్పటికప్పుడు వేస్తారు. వంట చేసే పిన్నిగారు అమ్మ కోసం ఒక గిన్నెలో పరమాన్నం విడిగా కట్టి ఇస్తారు.

లోపాలు లేకపోలేదు. వారం ముందు తిథి, తేదీ వాట్సాప్‌లో పంపడం వీరి సేవలో భాగం. ఆశ్వయుజంలో సూర్యోదయానికి ఉన్న తిథి చూసి తేదీ పంపారు. శ్రాద్ధానికి చూడవలసింది అపరాహ్ణానికి, అంటే మధ్యాహ్నం దాటిన వేళకు, ఉన్న తిథి. రెండు రోజుల ముందు బ్రహ్మగారే గమనించి సరిదిద్దించారు గానీ, అప్పటికే పెట్టిన సెలవును మార్చుకోవడానికి నేను పడిన ఇబ్బంది చిన్నది కాదు. తేదీ రాగానే మీ ఇంటి పంచాంగంతో సరిచూసుకోండి. మహాలయ పక్షంలో రద్దీ విపరీతం. మాసికాలవారిని మేడ మీది రేకుల గదిలోకి పంపుతారు, అక్కడ ఉక్క భరించడం కష్టం. స్నానాల గదులు రెండే. కారు నిలిపే చోటు లేదు.

భోక్తలతో, వంటతో కలిపి నా దగ్గర 6,500 రూపాయలు తీసుకున్నారు. అంత పెట్టలేనివారికి భోజనానికి బదులు స్వయంపాకం (వండని సరుకులు) ఇప్పించి, హిరణ్యంతో, అంటే దక్షిణ డబ్బుతో, జరిపించే పద్ధతి 2,000కే ఉంది. మార్గశిరంలో చేతిలో డబ్బు ఆడక నేను అలాగే చేశాను. గదిలోగానీ, మర్యాదలోగానీ ఏ తేడా చూపలేదు.

చదువుకునేవారికి ఒక మాట. వంట పూర్తయ్యేలోపు అరగంట, ముప్పావుగంట ఖాళీ దొరుకుతుంది. వరండాలో బల్ల ఉంది, లోపలికి ఫోను తేనివ్వరు. పుష్య మాసికం నా పరీక్షలకు మూడు రోజుల ముందు పడింది. ఆ బల్ల మీద ఆడిటింగ్ పుస్తకం తెరిచి కూర్చున్నాను, ఒక్క పేజీ కూడా తిప్పలేదు. లోపల గారెలు వేగుతున్న చప్పుడు వింటూ, నేను పదో తరగతి పరీక్షలు రాసినప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకు నన్ను లేపి, తాను కూడా నిద్రపోకుండా ఎదురుగా పేపరు పట్టుకుని కూర్చున్న నాన్నగారిని తలచుకున్నాను. అందుకు నాకు పశ్చాత్తాపం లేదు. పరీక్షలు మధ్యాహ్నం రెండింటికి మొదలవుతాయి కనుక ఉదయాలు మిగిలాయి, ఆ పేజీలు అప్పుడు చదివాను.

మొన్న మాఘ మాసికం అయ్యాక, జ్యేష్ఠంలో వచ్చే సాంవత్సరీకానికి కింది గది కావాలని అడిగాను. నిర్వాహకులు పెద్ద పుస్తకం తీసి, నాన్నగారి పేరు, గోత్రం రాసుకుని, వచ్చే సంవత్సరపు పంచాంగం ఇంకా చేతికి రాలేదు కాబట్టి తేదీ గడి ఖాళీగా వదిలి, పక్కన పెన్సిలుతో "అపరాహ్ణం చూడాలి" అని రాసి నాకు చూపించారు.